మైగ్రేన్‌కి గుండె మాత్ర ఎందుకు రాశారు?

ప్రశ్న: నా వయసు 38. ఇరవై రెండేళ్లప్పటి నుంచి మైగ్రేన్ ఉంది. నొప్పికి ముందు కళ్ల ముందు వంకర టింకర గీతలు మెరుస్తూ మెల్లగా పక్కకి జరుగుతాయి. కాసేపటికి ఎడమ చేతి వేళ్లలో తిమ్మిరి మొదలై పెదవుల దాకా పాకుతుంది. ఆ తర్వాత తలపోటు. నెలకు నాలుగైదు సార్లు వస్తుంది. రెండు నెలల క్రితం మా అన్నయ్యకి 46 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు, కోలుకున్నాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే న్యూరాలజిస్ట్ నాకు ప్రొప్రనలాల్ రాశారు. అది గుండెకీ బీపీకీ ఇచ్చే మందని తెలిసింది. నా గుండెలో ఏదో తేడా కనిపించి నాకు చెప్పకుండా దాచారేమో అనిపిస్తోంది, మానేద్దామా అని కూడా ఆలోచిస్తున్నాను. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే సుమాట్రిప్టాన్‌తో రెండుసార్లు ఛాతీ బిగదీసినట్టయింది. మైగ్రేన్ ఉన్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం ఎక్కువని చదివినప్పటి నుంచి సరిగా నిద్రపట్టడం లేదు. నెలసరి సరిగా రావడానికి మూడేళ్లుగా గర్భనిరోధక మాత్రలు కూడా వాడుతున్నాను. మా పద్నాలుగేళ్ల అమ్మాయికీ ఈమధ్య తలనొప్పులు మొదలయ్యాయి. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరంలో ఎక్కువగా భయపడింది ప్రొప్రనలాల్ గురించి. నేను ఆగిపోయింది మాత్రం, మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన గర్భనిరోధక మాత్రల దగ్గర. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఆ మాత్రల అట్ట తీసి వెనక చదవండి. ఇథినైల్ ఎస్ట్రాడయాల్ లేదా ఎస్ట్రాడయాల్ అని ఏదైనా రూపంలో ఉంటే అందులో ఈస్ట్రోజెన్ ఉన్నట్టు. ఈస్ట్రోజెన్ వల్ల రక్తం గడ్డకట్టే గుణం కొంత పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామంది యువతులకి అది పెద్ద ఇబ్బంది కాదు. కానీ మీకు నొప్పికి ముందు వచ్చే మెరుపు గీతలు, పాకే తిమ్మిరి ఉన్నాయి చూడండి, వాటిని వైద్యంలో ‘ఆరా’ అంటాం. ఆరాతో వచ్చే మైగ్రేన్‌కి మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతంతో కొంత సంబంధం ముందే ఉంది. దానికి ఈస్ట్రోజెన్ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భనిరోధక పద్ధతుల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆరా ఉన్న మైగ్రేన్‌కి ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలను నాలుగో వర్గంలో పెట్టారు. నాలుగో వర్గం అంటే వాడకూడదు అని. వయసు ఎంతైనా ఇదే మాట.

మీకు ఈ మాత్రలు రాసిన డాక్టర్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మీరు బహుశా ‘తలనొప్పి ఉంది’ అని చెప్పి ఉంటారు. కళ్ల ముందు ఏమైనా కనిపిస్తుందా అని వాళ్లు అడిగి ఉండరు, మీరూ చెప్పి ఉండరు. గైనకాలజీ గదిలో కళ్ల సంగతి చెప్పాలని ఎవరికి తోస్తుంది? చాలామంది విషయంలో ఇలాగే జరుగుతుంది. ఈ వారంలోనే మీ గైనకాలజిస్ట్‌ని కలిసి, ‘నాకు ఆరా ఉన్న మైగ్రేన్’ అని ఆ మాటతోనే చెప్పండి. ఈస్ట్రోజెన్ లేని దారులు చాలా ఉన్నాయి: ప్రొజెస్టరోన్ రకం హార్మోన్ మాత్రమే ఉండే మాత్రలు, హార్మోన్ ఉన్న లూప్, కాపర్ టీ. నెలసరి ఇబ్బందికి ఏది సరిపోతుందో వాళ్లు చూస్తారు. గర్భం రాకుండా కూడా ఈ మాత్రల మీదే ఆధారపడుతుంటే, వేరే జాగ్రత్త మొదలుపెట్టి వీటిని ఆపండి.

ఇప్పుడు ప్రొప్రనలాల్. మీ దగ్గర ఎవరూ ఏదీ దాచలేదు. 1960లలో ఈ మందు యాంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి కోసం వచ్చింది. 1966లో యాంజైనాకి దీన్ని వాడుతున్న ఒక రోగికి ఎప్పటినుంచో ఉన్న మైగ్రేన్ తగ్గడం వైద్యులు గమనించారు. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆ తర్వాత మైగ్రేన్ రోగుల్లోనే పరీక్షించి చూస్తే నిజమేనని తేలింది. అప్పటి నుంచి మైగ్రేన్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మందుల్లో ఇది ముందు వరసలో ఉంది. మెటోప్రొలాల్, క్యాండిసార్టాన్ కూడా అంతే, అసలు బీపీ, గుండె కోసం వచ్చి తలనొప్పికీ పనికొచ్చిన మందులు. మీ డాక్టర్ రాసింది మీ తలనొప్పికే. మీ అన్నయ్యకి ఆ నెలలోనే అలా జరగడంతో మీ మనసు రెండింటినీ ముడివేసింది. ఆ స్థితిలో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: భయపడి దాన్ని ఒక్కసారిగా ఆపేయకండి. ప్రొప్రనలాల్ బీటా బ్లాకర్ అనే రకం మందు. కొన్నాళ్లు వాడిన బీటా బ్లాకర్‌ని హఠాత్తుగా మానేస్తే గుండె వేగం, బీపీ ఎగసిపడతాయి. ఆపాల్సి వస్తే డాక్టర్ చెప్పినట్టు డోసు తగ్గించుకుంటూ ఆపాలి. మీకు ఆస్తమా ఉంటే మాత్రం ఆ సంగతి వెంటనే చెప్పండి, ఆస్తమా ఉన్నవాళ్లకి ఈ మందు పడదు.

ఇక మీకు నిద్ర లేకుండా చేసిన ప్రశ్న. మైగ్రేన్‌కీ గుండె, రక్తనాళాలకీ సంబంధం ఉందా? ఉంది. లేదని చెప్పి మిమ్మల్ని ఊరడిస్తే అది మీకు మేలు కాదు. కానీ ఆ సంబంధం ఎంతో, ఎవరికో అంకెల్లో చూస్తే, భయం రూపం మారుతుంది.

అమెరికాలో 45 ఏళ్లు దాటిన దాదాపు 28 వేల మంది మహిళా ఆరోగ్య ఉద్యోగుల మీద సాగిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2006లో వచ్చాయి. ఆరా ఉన్న మైగ్రేన్ వాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద జబ్బులు, మైగ్రేన్ లేనివాళ్ల కంటే సుమారు రెండింతలు కనిపించాయి. ఆరా లేని మైగ్రేన్‌తో అలాంటి పెరుగుదల కనిపించలేదు. ‘రెండింతలు’ అన్న మాట వినగానే గుండె జారిపోతుంది, నిజమే. కానీ అదే పరిశీలనలో ఇంకో లెక్క ఉంది. ఆరా ఉన్న పదివేల మంది మహిళలను ఒక ఏడాది పాటు చూస్తే, మైగ్రేన్ వల్ల అదనంగా వచ్చిన పెద్ద జబ్బులు 18. అంటే మిగతా 9,982 మందికి ఆ ఏడాది మైగ్రేన్ తెచ్చిపెట్టిన అదనపు ఆపద ఏదీ లేదన్నమాట. వాళ్లంతా 45 దాటినవాళ్లు. మీ వయసులో పక్షవాతం, గుండెపోటు ముప్పు మొదటే ఇంకా తక్కువ, తక్కువదాన్ని రెట్టింపు చేసినా తక్కువే.

డెన్మార్క్‌లో 51 వేల మంది మైగ్రేన్ రోగులను, వాళ్లకి పది రెట్ల మంది మామూలువాళ్లను 19 ఏళ్ల పాటు పోల్చిన ఫలితాలు 2018లో వచ్చాయి. మైగ్రేన్ ఉన్న వెయ్యి మందిలో 25 మందికి గుండెపోటు వస్తే, మైగ్రేన్ లేనివాళ్లలో 17 మందికి. రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతం వెయ్యికి 45, అటువైపు 25. తేడా ఉంది, కాదనలేం. పందొమ్మిదేళ్ల తర్వాత కూడా వెయ్యిలో 950 మందికి పైగా ఆ పక్షవాతం రాలేదన్నది కూడా అదే లెక్కలో ఉంది.

ఎందుకు ఈ సంబంధం? పూర్వం మైగ్రేన్ అంటే రక్తనాళాల జబ్బనే అనుకునేవారు. కణతల దగ్గర నాళం ఉబ్బి కొట్టుకుంటుంది కాబట్టి నొప్పి అక్కడే పుడుతోందని. ఆ అభిప్రాయం ఇప్పుడు మారింది. మొదలయ్యేది మెదడులో, నరాల్లో. మీరు చూసే మెరుపు గీత అలా మెల్లగా పక్కకి ఎందుకు జరుగుతుందో తెలుసా? 1941లో కార్ల్ లాష్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన కళ్ల ముందు గీత జరిగే తీరును తానే బొమ్మలు గీసుకుని, మెదడు పైపొర మీద ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున కదులుతోందని లెక్కకట్టాడు. మూడేళ్లకి, 1944లో, బ్రెజిల్‌కి చెందిన అరిస్టిడెస్ లియావో కుందేళ్ల మెదడు మీద సరిగ్గా అలాంటి నెమ్మదైన అలను పట్టుకున్నాడు. నరకణాలు ఒక్కసారి చెలరేగి, ఆ వెంటనే కాసేపు మౌనం వహిస్తూ, ఆ స్థితి పక్కవాటికి పాకుతుంది. చూపుకి సంబంధించిన భాగంలో ఆ అల నడిస్తే గీతలు, స్పర్శ భాగానికి చేరితే మీ వేళ్ల నుంచి పెదవుల దాకా తిమ్మిరి. ఇంత బాధ పెట్టే జబ్బులో ఇంత క్రమం ఉందని చదివిన మొదటిసారి నాకు ఆశ్చర్యం కలిగింది, ఇప్పటికీ కలుగుతుంది.

ఆ అల వెళ్లేటప్పుడు ఆ భాగానికి రక్తప్రవాహం కూడా మారుతుంది, కొంతసేపు తగ్గుతుంది. మరోవైపు మెదడు పొరల్లో రక్తనాళాలను అల్లుకుని ఉన్న నరాలు సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. రక్తనాళాలను వెడల్పు చేసే గుణంలో అది చాలా శక్తిమంతమైనది, నొప్పిని మోసే పనిలోనూ దాని పాత్ర పెద్దది. అంటే మైగ్రేన్ పుట్టుక నరాల్లోనే అయినా, అది రక్తనాళాలతో ఒకే ఇంట్లో కాపురం చేస్తోంది. దీన్ని వెలికితీసిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వాడకంలో ఉన్నాయి. వీటికి తోడు రక్తనాళాల లోపలి పొర పనితీరు, గడ్డకట్టే గుణం, జన్యువులు, ఇలా అన్నీ కలిసి ఈ సంబంధాన్ని తయారుచేస్తున్నాయి. జన్యువుల్లో ఒక విచిత్రం ఉంది: ఫాక్టర్-1 (PHACTR1) అనే జన్యువులో మైగ్రేన్ అవకాశాన్ని పెంచే రూపమే, గుండె నాళాల్లో కొవ్వు పేరుకునే జబ్బు అవకాశాన్ని తగ్గిస్తుంది. కాబట్టి మైగ్రేన్ ఉందంటే గుండె నాళాలు పూడుకుపోతున్నాయని అర్థం కాదు. మీ అన్నయ్య నాళంలో జరిగినదీ మీ తలలో జరిగేదీ ఒకటి కాదు.

అలాగని మీ అన్నయ్య సంగతి పక్కన పెట్టేయమని అనడం లేదు. తోడబుట్టిన మగవాళ్లకి 55 లోపు గుండెపోటు వస్తే, మైగ్రేన్ ఉన్నా లేకున్నా, దాన్ని కుటుంబపరమైన ముప్పుగానే లెక్కిస్తాం. అందుకని మీరు చేయించుకోవాల్సినవి ఉన్నాయి. బీపీ వేర్వేరు రోజుల్లో చూపించుకోండి. కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు చేయించండి. లైపోప్రొటీన్-ఎ అని ఒక రక్తపరీక్ష ఉంది, చిన్న వయసులో గుండెపోటు వచ్చిన కుటుంబాల్లో జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. సిగరెట్ అలవాటు లేకపోతే చాలా మంచిది. ఇంట్లో ఎవరైనా కాలుస్తుంటే ఆ పొగకీ దూరంగా ఉండండి. ఆరా, పొగ, ఈస్ట్రోజెన్ ఈ మూడూ ఒకచోట చేరడం అన్నిటికన్నా ప్రమాదం. ఎవరో చెప్పారని రోజూ ఆస్పిరిన్ మొదలుపెట్టకండి. కడుపులో రక్తస్రావం లాంటి దాని ప్రమాదాలు దానికున్నాయి, ఎవరికి అవసరమో డాక్టరే తేల్చాలి.

సుమాట్రిప్టాన్ గురించి. ఈ రకం మందుల్ని ట్రిప్టాన్లు అంటాం. నొప్పి నరాలను శాంతింపజేయడంతో పాటు ఇవి రక్తనాళాలను బిగిస్తాయి, గుండె నాళాలను కూడా కొద్దిగా. వేసుకున్నాక ఛాతీ, మెడ, దవడ దగ్గర బిగదీసినట్టు, బరువుగా అనిపించడం చాలామందికి ఉంటుంది. ఎక్కువసార్లు అది గుండె వల్ల కాదు, కాసేపట్లో పోతుంది. కానీ మీ విషయంలో నేను ‘ఏం కాదులే’ అని వదిలేయను. ఇంట్లో చిన్న వయసు గుండెపోటు ఉంది, మీకు రెండుసార్లు బిగదీసింది. డాక్టర్ చూసి, ఈసీజీ తీసి, సరే అనేంతవరకూ ఇంకో ట్రిప్టాన్ వేసుకోవద్దు. గుండె నాళాల జబ్బు, ఇంతకుముందు పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకి ట్రిప్టాన్లు పూర్తిగా నిషిద్ధం. మీకు ఇవేవీ లేవని తేలితే మళ్లీ వాడుకోవచ్చు. వద్దంటే రక్తనాళాలను బిగించని మందులు కూడా వచ్చాయి, రిమెజిపాంట్ లాంటివి. మీ న్యూరాలజిస్ట్‌తో ఆ మాట ఎత్తండి. ఈలోగా నొప్పి వస్తే ఏం వేసుకోవాలో కూడా ఫోన్‌లోనే అడిగి పెట్టుకోండి. అప్పటిదాకా నొప్పి ఓర్చుకోమని నేను అనడం లేదు.

ట్రిప్టాన్ అయినా, రెండు మూడు మందులు కలిపిన నొప్పి మాత్ర అయినా, నెలలో పది రోజులు లేదా అంతకన్నా ఎక్కువ చొప్పున మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ మందే తలనొప్పిని తెచ్చిపెడుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి తరచుగా వాడితే బీపీ కూడా పెరుగుతుంది, గుండెకీ మంచిది కాదు. ఒక క్యాలెండర్ మీద నొప్పి వచ్చిన రోజు, మాత్ర వేసుకున్న రోజు గుర్తు పెట్టుకోండి. డాక్టర్‌కి పది నిమిషాల మాటల కంటే ఆ కాగితం ఎక్కువ చెప్తుంది.

మీకు అన్నిటికన్నా బాగా తెలిసి ఉండాల్సింది ఆరాకీ పక్షవాతానికీ తేడా. ఆరా మెల్లగా వస్తుంది, పాకుతుంది. ఒక చోట మొదలై ఐదు, పది, ఇరవై నిమిషాల్లో పెరుగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ముందు కళ్లు, తర్వాత చేయి. ఒక్కో లక్షణం సాధారణంగా గంటలోపు సర్దుకుంటుంది. ఆరాలో లేనిది కనిపిస్తుంది, మెరుపులు, చిమచిమలు. పక్షవాతంలో ఉన్నది పోతుంది, చూపు, బలం, మాట. అదీ స్విచ్ ఆపినట్టు ఒక్క క్షణంలో. మీకు పదహారేళ్లుగా అలవాటైన ఆరా కాకుండా కొత్తగా ఏదైనా వస్తే, ఉదాహరణకి చేయి తిమ్మిరి కాకుండా బలమే లేకపోతే, మూతి వంకర పోతే, మాట తడబడితే, ఆరా గంట దాటినా తగ్గకపోతే, లేదా ఎప్పుడూ ఎరగనంత ఘోరమైన నొప్పి ఒక్క నిమిషంలోనే తారస్థాయికి చేరితే, చీకటి గదిలో పడుకుని చూద్దాం అనుకోకండి. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. మైగ్రేనేనని తేలితే మంచిదే, అనవసరంగా వచ్చారని ఎవరూ అనకూడదు, అన్నా పట్టించుకోకండి. ఛాతీ బిగదీయడం పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికి పాకినా అంతే.

ఇంకొకటి మీ చెవిన పడే ఉంటుంది, గుండెలో చిన్న రంధ్రం మూయిస్తే మైగ్రేన్ పోతుందని. పుట్టకముందు గుండె పైగదుల మధ్య అందరికీ ఒక దారి ఉంటుంది, పుట్టాక మూసుకుపోతుంది. సుమారు నలుగురిలో ఒకరికి అది పూర్తిగా మూసుకోదు. ఆరా ఉన్నవాళ్లలో ఇది ఇంకొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. కానీ దాన్ని మూసి చూసిన పరీక్షల్లో మైగ్రేన్ ఆశించినంతగా తగ్గలేదు. తలనొప్పి ఒక్కటే కారణమైతే ఆ ప్రక్రియ జోలికి వెళ్లమని నేను చెప్పను.

మైగ్రేన్ దాడులు తగ్గిస్తే గుండె ముప్పు కూడా తగ్గుతుందని ఇంతవరకూ రుజువు కాలేదు. అయినా వాటిని తగ్గించుకోవాలి, ఎందుకంటే నెలలో నాలుగైదు రోజులు మీ జీవితంలోంచి పోతున్నాయి, అది చిన్న సంగతి కాదు. ఒకే వేళకి నిద్ర, వేళకి తిండి, వారంలో ఎక్కువ రోజులు చెమట పట్టేంత నడక, ఇవి తలకీ గుండెకీ రెండింటికీ పనికొస్తాయి. నిద్ర పట్టడం లేదన్నారు. నిద్రలేమి మైగ్రేన్‌ని రేపుతుంది, అందుకే ఈ టెన్షన్ గురించి డాక్టర్‌కి కూడా చెప్పండి, ‘ఇది చెప్పుకునేదా’ అనుకోకుండా.

ఇక మీ అమ్మాయి. మైగ్రేన్ కుటుంబాల్లో నడుస్తుంది, మీకు ఉంది కాబట్టి ఆమెకీ వచ్చి ఉండవచ్చు. డాక్టర్‌కి చూపించండి. పద్నాలుగేళ్ల పిల్లకి గుండెపోటు మాటలు చెప్పి భయపెట్టవద్దు. ఆమెను ఒక్కటే అడగండి: ‘నొప్పి రాకముందు నీ కళ్ల ముందు ఏమైనా కనిపిస్తుందా, చేతికి తిమ్మిరి వస్తుందా?’ మీకేం కనిపిస్తుందో కాగితం మీద గీసి చూపించండి, అప్పుడు చెప్పడం ఆమెకి తేలిక. కనిపిస్తుందంటే, దాని పేరు ఆరా అని ఆమెకి నేర్పండి. కొన్నేళ్ల తర్వాత ఏ డాక్టరైనా ఆమెకి ఈస్ట్రోజెన్ మాత్రలు రాయబోతే, ‘నాకు ఆరా ఉంది’ అని ఆమే చెప్తుంది. మూడేళ్ల క్రితం ఆ మాట చెప్పడానికి మీకు దాని పేరు తెలియదు.